హీట్ మీటరు ముల్లు

కారు షెడ్డులోనే ఉంది, కానీ షెడ్డుకి గోడలు లేవు. ఉప్పుటేరు నీళ్ళు టైర్లను తడుపుతూ పోతున్నాయి, అదేమీ హైమావతికి వింతగా తోచడం లేదు. పోయిన వానాకాలంలో జ్వరంతో పోయిన తమ్ముడు శేషు, తను ప్రాణంలా చూసుకున్న ఆ ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారులో స్టీరింగు కిందికి వెల్లకిలా దూరి, కాళ్ళు మాత్రం బయటపెట్టి, డ్యాష్‌బోర్డుకి మీటర్లు బిగిస్తున్నాడు. బతికుండగా పిలిస్తే అన్నానికి రాని మనిషి ఇప్పుడు పిలవకుండానే వచ్చాడేమిటని ఆమెకి ముందు కోపమే వస్తుంది.

ఆమె కొంగున నల్ల రబ్బరు బిరడా ఒకటి ముడివేసి ఉంది. మెకానిక్ సత్తిబాబు ఇచ్చాడు. డ్యాష్‌బోర్డులో అన్ని కన్నాలకీ మీటర్లు కూర్చున్నాయి, ఇంజను వేడి చూపించే హీట్ మీటరు ఒక్కటే ఎక్కడా దొరకలేదు, ఇక దొరకదు కూడా, ఆ కన్నానికి ఈ బిరడా కొట్టేస్తే బండి రోడ్డెక్కుతుందని అతను చెబుతూనే ఉన్నాడు. హైమావతి ఒప్పుకోవడం లేదు. ఆ కన్నం మూసేస్తే శేషు నిజంగా పోయినట్టేనని ఆమె భయం.

శేషు లేచి కూర్చుంటాడు, కూర్చునేసరికి అది కారు కాదు, వంటిల్లు. పొయ్యి మీద పాలగిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. హీట్ మీటరు నిజం చెబుతోందో లేదో తేలాలంటే, దాని సన్నటి రాగి గొట్టం కొసనున్న ఇత్తడి గుండుని మరిగే నీళ్ళలో ముంచి ముల్లు లేస్తుందేమో చూడాలి. అందుకు అతనికి అక్క పాలగిన్నెలే కావలసి వచ్చేవి, ఆమె దుమ్మెత్తిపోసేది. ఇదిగో, దొరికిందే అని ఇప్పుడు మీటరు చూపిస్తున్నాడు. ఆమె కొంగుతో అద్దం తుడిచి చూస్తే ముల్లు ఎర్రగీత దాటి ఉంది. గొట్టం వెంబడే చూపు పోనిస్తే గుండు గిన్నెలో లేదు, శేషు చంకలో ఉంది.

జ్వరమా అని అడుగుతుంది. అప్పుడు అన్నట్టే, ఊరికే ఒళ్ళు వెచ్చబడిందిలే అని కొట్టిపారేస్తాడు. ఎందుకు దాచావని, ముందే చెబితే మోసుకునైనా పోయేదాన్ని కదా అని, ఆస్పత్రిలో అద్దం ఇవతలే నిలబెట్టేశారని, ఒక్కసారి నుదుటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదని, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అననివన్నీ ఆమె అనేస్తుంది. అతను తల వంచుకుని వింటాడు. ఏటి నీళ్ళు వంటింట్లోకి వచ్చి మోకాళ్ళ దాకా లేస్తాయి.

"అక్కా, ఈ గుండు తీసెయ్యవే," అంటాడు చివరికి.

"తీస్తే ముల్లు పడిపోద్దిరా."

"పడనీ."

"చల్లబడిపోతావురా నువ్వు."

"నేను చల్లబడి ఏడాదవుతుందే అక్కా. నువ్వే ఇంకా వేడిగా ఉన్నానని పట్టుక్కూర్చున్నావు."

ఆమె అతని చంకలోని గుండుని పట్టుకుంటుంది. రాగి గొట్టం మడతపడితే మీటరు ఇక పనికిరాదని అతనే ఎన్నోసార్లు చెప్పాడు కాబట్టి, మెల్లిగా, చంటిపిల్లాడి చెయ్యి విడిపించుకున్నట్టు లాగుతుంది. ముల్లు వణుకుతూ ఎర్రగీత దిగి, ఇంకా దిగి, అడుగున ఆగిపోతుంది. అతని ముఖం తేటపడుతుంది. గొట్టాన్ని చుట్టచుట్టి మీటరు జేబులో వేసుకుంటాడు.

"దీన్ని నేను పట్టుకుపోతాను. నువ్వు ఆ కన్నం మూసెయ్యి."

కొంగు ముడి విప్పి, ఎదురుగా తేలుతున్న డ్యాష్‌బోర్డుకి బిరడా ఆనించి ఆమె అరచేత్తో నొక్కుతుంది. అది దిగదు, ఏడుస్తూ నొక్కుతూనే ఉంటుంది, వెనక నీళ్ళలో అతని అడుగుల చప్పుడు దూరమవుతున్నా తిరిగి చూడకుండా నొక్కుతూనే ఉంటుంది.

మెలకువ వస్తుంది. ఆమె అరచెయ్యి మంచం పక్కనున్న గోడకి గట్టిగా ఆని ఉంది. వాన దెబ్బకి గోడ చల్లగా ఉంది. అది గోడేనని తెలిసినా, ఆ రోజు నుదుటి మీద వెయ్యలేకపోయిన చేతిని ఆమె కాసేపు అక్కడే ఉంచుకుంటుంది. తర్వాత తనే తీసుకుంటుంది.