వంచిన గల్లీ

ఇందు మొదట కోపం తెచ్చుకుంది తండ్రి మీదే. సరిగ్గా మార్కులు పడే వేళకే ఆయన నోరు విప్పాలా?

ఆఖరి సంవత్సరం పిల్లల డిజైన్లు చూడటానికి ఇంటివాళ్లూ రావచ్చని ఆర్కిటెక్చర్ కాలేజీ చెబితే, నర్సింగం ఆ రోజు మగ్గం పని ఆపి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కాశిబుగ్గ నుంచి వచ్చాడు. బిడ్డ ఇందు డిజైన్ చేసింది నేతకారుల కాలనీ. ఇంటింటికీ ఓ గుంట మగ్గం, మధ్యలో మెలికలు తిరిగే అందమైన గల్లీ. హైదరాబాదు నుంచి పరీక్షించడానికి వచ్చిన హరికృష్ణ ఆ గల్లీనే తెగ మెచ్చుకున్నాడు. గైడు శ్యాంసుందర్ అదంతా తానే గీసినట్టు పొంగిపోయాడు.

అప్పుడు నర్సింగం అట్టతో చేసిన నమూనా మీదికి వంగి మెల్లగా అడిగాడు.

"పడుగు యాడ సాగదీయాలె బిడ్డా?"

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే పొడుగు దారాలన్నిటినీ, పొద్దున్నే గల్లీలో ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి లాగి, గంజి పట్టించి ఆరబెట్టాలి. దానికి డెబ్భై అడుగుల తిన్నని జాగా కావాలి. వంకర గల్లీలో దారం గోడలకు ఒరుసుకుని తెగుతుంది. కాశిబుగ్గలో పుట్టిన ఏ పిల్లకైనా నడక వచ్చేనాటికే తెలిసిపోయే సంగతి ఇది.

ఇందు ఎరగనిదా? ఆమె మొదట గీసింది తిన్నని గల్లీనే. అది రైలు ప్లాట్‌ఫారంలా ఉందని శ్యాంసుందర్ క్లాసంతటినీ నవ్వించాడు. వంచితే తప్ప సంతకం పెట్టనన్నాడు. మూడు వారాలు మొండికేసి, నాలుగో వారం ఆమె వంచింది.

ఇప్పుడూ శ్యాంసుందరే అందుకున్నాడు. ఇవన్నీ పాతకాలపు పద్ధతులని, కావాలంటే కమ్యూనిటీ హాల్లో చేసుకోవచ్చని నర్సింగానికి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ హాలు పొడుగే పాతిక అడుగులు. నర్సింగం "సరే సారు" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఆ మాట విని ఇందు ఒళ్లు మండిపోయింది. గైడు మీద ఎంత మండిందో తన మీద తనకు అంతకు రెండింతలు మండింది. షీట్లు వేలాడదీయగా మిగిలిన దారపు ఉండ తీసి, ఒక కొస తండ్రి చేతికిచ్చింది. రోజూ పొద్దున చేసే పనే గనక ఆయన నమూనా ఆ చివరకు వెళ్లి బిగించి పట్టుకున్నాడు. దారం ఆరు ఇళ్ల మీదుగా పోయింది. ఇందు తన కొసను ఎడమ చేతికి చుట్టుకుని, కట్టర్ అందుకుని ఆ ఆరు ఇళ్లనూ ఒక్కొక్కటే కోసి పక్కన పెట్టింది. శ్యాంసుందర్ ఆపబోతే చేయి విదిలించుకుంది.

ఇలా చేస్తే ఈ ఏడు డిగ్రీ చేతికి రాదని తెలుసా అని హరికృష్ణ అడిగాడు.

"తెలుసు సార్. మొదలు నేను సక్కగనే గీసిన. సంతకం కోసం వంచిన. దీనికి సున్న ఏయుండ్రి. దీంట్ల మా బాపు బతకలేడు."

ఆరు నెలలకు మళ్లీ పరీక్షకు రావాలని హరికృష్ణ కాగితం మీద రాశాడు. ఏం రాశాడో నర్సింగానికి తెలియదు. ఆయన దారం వదల్లేదు.

"జర గుంజి పట్టు బిడ్డా," అన్నాడు. "నీ దిక్కు వదులైతాంది."