వాలిన పిట్ట

పద్మనాభయ్య రొయ్యల గుంటల దగ్గర పన్నెండేళ్ళుగా పిట్టల కాపలా హజరత్తయ్యది. పిట్ట వాలితే రొయ్యకు రోగం తగులుతుందని యజమాని భయం. అందుకని హజరత్తయ్య ఒక్కదాన్నీ వాలనిచ్చేవాడు కాదు. అల్లంత దూరాన అవి కిందికి దిగుతుండగానే గట్టు మీద టపాకాయ పేల్చేవాడు. ఆయన కాపలాలో పిట్ట కాలికి బురద అంటలేదని పద్మనాభయ్య నలుగురిలో చెప్పుకొనేవాడు.

ఎండాకాలం గుంటల్లో నీళ్ళు తీసేస్తారు, కాపలా ఉండదు. ఏటా ఆ మూడు నెలలూ హజరత్తయ్య కోవూరు రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. నిరుడు నడుం పట్టేసింది. ఈ ఏడు మళ్ళీ బస్తా ఎత్తితే ఇక మంచం దిగనేమోనని ఆయనకు నిజంగానే భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నెల్లూరు కాలేజీ లెక్చరర్ షాహనా వచ్చింది. ఎక్కడో చలిదేశాలకు తిరిగి వెళ్ళబోతూ ఆ పిట్టలు నీళ్ళు తీసిన గుంటల్లో, కోతైన మళ్ళలో మేస్తాయట. ఆదివారాలు వాటిని చూడటానికి జనాన్ని తీసుకొస్తుందట. దగ్గరుండి చూపించే మనిషి కావాలట. పిట్టల కోసం బండికి పెట్రోలు పోయించుకొని వచ్చేవాళ్ళు కూడా ఉంటారని విని హజరత్తయ్య లోపల నవ్వుకున్నాడు, పైకి మాత్రం చేతులు కట్టుకున్నాడు.

"మీకు పిట్టలు తెలుసా పెద్దాయనా?"

"తెలవకేం మేడం. రెక్కకి తెల్లంచుండేది ఒకటి. తోక కొసన నల్లపట్టీ ఉండేది ఒకటి. నడుం మీద తెల్లగా చీలికుండేది ఒకటి. పన్నెండేళ్ళు చూసినా."

షాహనా తన పిట్టల బొమ్మల పుస్తకం తిరగేసింది. అన్నీ సరిపోయాయి. ఆదివారం బాగా జరిగితే ఎండాకాలమంతా పని ఆయనకేనంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిమంది గట్టు చాటున వంగి నిలబడ్డారు. గుంట అడుగున తడిబురదలో పిట్టలు కిక్కిరిసి ఉన్నాయి. హజరత్తయ్య కళ్ళు చిట్లించి చూశాడు. రెక్కలు ముడుచుకొని, తాపీగా బురద పొడుచుకు తింటున్న ఆ పిట్టల్ని ఆయన జన్మలో చూడలేదు. ఆయన ఎరిగినవన్నీ పారిపోయే పిట్టలే.

"ఆ ఎర్రకాళ్ళది ఏం పిట్ట?" అని బిట్రగుంట నుంచి వచ్చిన రిటైర్డ్ రైల్వే గార్డు అడిగాడు. కెమెరా ఇంకా సంచిలోంచి తీస్తున్నాడు.

"ఎర్రకాళ్ళుండేదాన్ని నేనెప్పుడూ చూడలేదు సార్," అని హజరత్తయ్య నోరు జారాడు.

షాహనా తల తిప్పి చూసింది. ఆ చూపులో ఆయనకు రైసుమిల్లు కనబడింది. ఇక ఆగలేకపోయాడు. గట్టెక్కి, తువ్వాలు గిరగిరా తిప్పి, "హోయ్" అని ఒక్క కేక పెట్టాడు.

గుంటంతా ఒక్కసారిగా లేచింది.

"ఇదే సార్ మీరడిగింది, తెల్లంచుది. దాని వెనకది నల్లపట్టీది. అదిగో, ఆ వారగా పోయేది నడుం చీలికది." పదకొండు రకాలు, ఒక్కటి తప్పకుండా వేలు పెట్టి చూపించాడు. పేజీలు తిప్పడానికి షాహనాకు వ్యవధి చాలలేదు. చివరి పిట్ట కూడా సముద్రం వైపు వెళ్ళిపోయాక గుంటలో బురదే మిగిలింది.

"మళ్ళీ ఎప్పుడు వాలతాయి?" అని షాహనా మెల్లగా అడిగింది.

హజరత్తయ్య ఛాతీ విరుచుకున్నాడు. యజమానికి చెప్పే జవాబు అలవాటుకొద్దీ వచ్చేసింది.

"నేనుండంగా ఒక్కటి కూడా వాలదు మేడం. మీరేం దిగులు పెట్టుకోబాకండి."