కొత్త తీగలకు తుప్పుండదు

మా ఇంటి ముందు గదే నా దుకాణం. కుట్టు మిషన్లు బాగుచేస్తాను. వెనక గదిలో మా ఆవిడ తమ్ముడు ఉంటాడు. ఆ రెండు గదుల మధ్య ఉన్న చిన్న గదిలో పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి దేవుడి ముందు కూర్చుంటాను. గోడ ఒక్క ఇటుక మందం. దేవుడికి నా మాట వినపడేదో లేదో గాని, నాకు మాత్రం మా బావమరిది ఎలక్ట్రిక్ గిటారు బ్రహ్మాండంగా వినపడేది.

"కాస్త ఆపరా, ప్రార్థన చేసుకుంటున్నాను" అంటే,

"దేవుడికి చెవుడా బావా?" అనేవాడు.

"ఆయనకు లేదు. నువ్విలాగే వాయిస్తే వస్తుంది."

"మిషన్లకు పోసే నూనె రెండు చుక్కలు నాలుక మీద వేసుకో. మాట మెత్తబడుతుంది."

మూడేళ్లుగా మా మధ్య నడిచిన మాటలన్నీ ఈ వరసవే. మా ఆవిడ అడకత్తెరలో పోకచెక్క.

ఒక ఆదివారం బ్యాండు నడిపే ఒక పొడుగాయన మా బావమరిది వాయింపు వినడానికి ఇంటికొచ్చాడు. ఆయన బ్యాండులో గిటారు చోటు ఒకటి ఖాళీ అయింది. మా బావమరిది పగలంతా గోదాములో పెట్టెలు మోస్తాడు. అంతకు ముందే రెండు బ్యాండులు వద్దన్నాయి. వయసు ముప్పై దాటింది. ఇది కూడా పోతే గిటారు అమ్మేస్తానని అక్కతో అన్నాడట.

పొడుగాయన కళ్లు మూసుకుని విన్నాడు. "చెయ్యి బాగుంది. శబ్దమే బురదలో నడుస్తోంది. మా పాటల్లో గిటారు పాడేవాళ్ల గొంతుకు అడ్డం రాకూడదు. ఆరు తీగలూ ఒకేసారి మీటినా ఆరూ విడివిడిగా వినపడాలి. వచ్చే ఆదివారం నాలుగింటికి వస్తాను. అప్పటికి ఆ పలుకు రాకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాను."

సోమవారం సాయంత్రం బావమరిది గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె, యాంపు ముందు చతికిలబడ్డాడు. మోతలోని గరగరకు కారణం శబ్దాన్ని మరీ ఉబ్బించే గెయిన్ మీట అని అతనికి తెలుసు. దాన్ని బాగా తగ్గించి, వాల్యూమ్ పెంచాడు. తీగల కింద ఉండి వాటి మోతను పట్టే పికప్‌ను నా స్క్రూడ్రైవరుతో స్క్రూ తిప్పి కాస్త కిందికి దించాడు. బారెడు పొడుగున్న పాత వైరు తీసేసి పొట్టిది పెట్టాడు. గరగర పోయింది. దాని స్థానంలో సన్నటి, పదునైన శబ్దం వచ్చింది. పాత మోత ఎంత పెద్దదైనా వాన చప్పుడులా అలవాటైపోయింది. ఇది అలా కాదు. ఒక్కో స్వరం సూదిలా గోడలోంచి దిగి, నేను దేవుణ్ణి పిలుస్తున్న పిలుపు మధ్యలో గుచ్చుకుంది.

మంగళవారం పొద్దున అతను పనికెళ్లాక, నా స్క్రూడ్రైవరు తెచ్చుకుందామని వెనక గదిలోకి వెళ్లాను. గిటారు మంచం మీద ఉంది. తీగల మీద ఎర్రగా తుప్పు. ఇరవై ఏళ్లుగా మిషన్లు చూస్తున్న చెయ్యి ఇది, తుప్పు చూస్తే ఊరుకోదు. గుడ్డకు మిషన్ నూనె అద్ది, ఆరు తీగలూ తుడిచాను. వేలికి తగలనంత పల్చగా తుడవడం నాకు వచ్చు. నా ఇంట్లో నూనె వాసన ఎవరికీ వింత కాదు.

ఆ సాయంత్రం గిటారు మెత్తగా, దుప్పటి కప్పుకున్నట్టు మోగింది. నా ప్రార్థన హాయిగా సాగింది.

బుధవారం అతను కొత్త తీగలు తెచ్చి వేశాడు. సూది మళ్లీ దిగింది. గురువారం పొద్దున నేను మళ్లీ గుడ్డ పట్టుకుని లోపలికెళ్లాను. కొత్త తీగలకు తుప్పేముంటుంది? ఆ ప్రశ్న నాకు గుమ్మం దగ్గరే వచ్చింది. అయినా లోపలికెళ్లాను. శుక్రవారమూ వెళ్లాను. శనివారమూ.

శనివారం సాయంత్రం అతను నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను దేవుడి ముందు కూర్చుని ఉన్నాను.

"బావా, నా యాంపు ముట్టుకున్నావా?"

"నీ యాంపు నేను ముట్టుకోలేదు."

"నిజం చెప్పు. తీగలు మూడు రోజుల నాటివి. అన్నీ సరిచేశాను. అయినా పలుకు రావట్లేదు."

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట" అన్నాను. మద్దెలకు చిల్లి పెట్టిన చెయ్యి ఒళ్లోనే ఉంది.

అతను దేవుడి వైపు చూసి, వెళ్లిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల వేళ వెనక గదిలోంచి మాటలు వినపడ్డాయి.

"రావద్దని పొడుగాయనకు ఫోన్ చేస్తున్నానక్కా."

"ఒరేయ్, వారమంతా కష్టపడి ఇప్పుడేంటిది?"

"యాంపులో లోపం లేదు, వైరులో లేదు. లోపం నా వేళ్లలోనే ఉంది. బావ సరిగ్గానే అన్నాడు."

నన్ను తిట్టి ఉంటే ఊరుకునేవాణ్ణేమో. నేను అన్న మాటే నిజమన్నాడు. లేచి వెళ్లాను.

"వేళ్లలో లేదు. తీగలకు నేను నూనె రాశాను. మంగళవారం నుంచీ."

మా ఆవిడ చేతిలో పళ్లెం కింద పెట్టేసింది. అతను ఒక తీగను గోటితో గీకి, గోరు వాసన చూశాడు.

"యాంపు ముట్టుకోలేదని దేవుడి ముందు కూర్చుని చెప్పావు."

"యాంపు ముట్టుకోలేదు."

"అవును. అబద్ధం ఆడలేదు. పుణ్యాత్ముడివి బావా."

"గుడ్డతో తుడిచేస్తాను, ఇలా ఇవ్వు."

"ఇంకోసారి దాని మీద చెయ్యి వేశావంటే ఆ చెయ్యి నీకుండదు." గిటారు గోడ వైపు తిప్పుకున్నాడు. "లావు తీగలకు చుట్టిన సన్నతీగ సందుల్లోకి దిగిపోయి ఉంటుంది. తుడిస్తే పోదు. ఆదివారం, కొట్లు లేవు. అక్కా, గిన్నెలో నీళ్లు పెట్టు. తీగలు ఉడకబెట్టాలి."

"తీగలా?" మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి అంది. "ఉప్పు వెయ్యమంటావా? మీ బావకే వడ్డిద్దాం."

"సబ్బు పొడి వెయ్యి. కొత్తవి కొనలేని రోజుల్లో ఇలాగే చేసేవాళ్లం."

తీగలు విప్పి, చుట్టచుట్టి మరిగే నీళ్లలో వేశాడు. పైకి తేలిన నూనె జిడ్డు రంగులు తిరిగింది. పది నిమిషాల తర్వాత తీసి, మంచినీళ్లలో కడిగి, తుడిచి, ఎండలో దండెం మీద వేలాడదీశాడు. నేను అంత దూరంలో నిలబడ్డాను. ఎవరూ నాకు పని చెప్పలేదు. మూడున్నరకు తీగలు బిగించాడు. లాగుతూ, శ్రుతి చేస్తూ, మళ్లీ లాగుతూ ఉండగానే తలుపు చప్పుడైంది.

పొడుగాయన ఈసారీ కళ్లు మూసుకున్నాడు. బావమరిది ఆరు తీగలూ ఒక్క మీటు మీటాడు. కొత్త సూదితో కొత్త గుడ్డ మీద కుట్టు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది, దేనికది, ఎక్కడా ముడి లేకుండా.

"ఇదీ నాకు కావలసింది. ఏం చేశావు?" అన్నాడు పొడుగాయన కళ్లు తెరిచి.

"మా ఇంట్లో మిషన్ మెకానిక్ ఒకడున్నాడండీ" అన్నాడు బావమరిది. అంతకు మించి చెప్పలేదు. "ఎల్లుండి రిహార్సలు, ఆలస్యం చెయ్యకు" అని చెప్పి పొడుగాయన వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే బావమరిది తన గది తలుపుకు గొళ్లెం బిగించి, ఇంట్లో ఉన్న తాళం ఒకటి వేశాడు. తాళంచెవి నాకు చూపించి మరీ జేబులో వేసుకున్నాడు.

"ఒరేయ్, తప్పయింది" అన్నాను.

"దీపాలు పెట్టే వేళైంది బావా. వెళ్లు, నీ పని చూసుకో."

చేతులు రెండుసార్లు కడుక్కుని కూర్చున్నాను. గోడ అవతల తాళం తీసి తలుపు బార్లా తెరిచిన చప్పుడు, ఆ వెంటనే గిటారు. ఆపమని అడిగే నోరు నాకు లేదని అతనికి తెలుసు. ఆ వారంలో నాలుగు సాయంత్రాలు నేను హాయిగా చేసుకున్న ప్రార్థన ఎవరికి చేరిందో అడుగుదామనుకున్నాను గాని, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. దేవుడి పేరు రెండుసార్లు సగంలో తెగిపోయింది. అతని స్వరాలు మాత్రం ఒక్కటీ తప్పిపోకుండా వినపడ్డాయి.