మామగారి పటం మీద ఎర్ర చుక్క

చిన్నల్లుడు అడుగుపెట్టనంతవరకు ఆ ఇంట్లో పెద్దల్లుడిదే రాజ్యం. అతనిది కళ్ళజోళ్ళ షాపు కదా, ఎవరి కంట్లో నలక పడ్డా, ఎవరి జోడు కాడ ఊడినా "అల్లుడుగారికి కబురు పెట్టండి" అనేవాళ్ళు. సెల్‌ఫోన్లు బాగుచేసేవాణ్ణి మరదలు పెళ్ళాడాక ఆ పిలుపు దారి మళ్ళింది. ఫ్యాను మూలిగినా చిన్నల్లుడే, మోటారు మొరాయించినా చిన్నల్లుడే. పెద్దల్లుడు పైకి "కుర్రాడు మంచివాడే" అంటూనే లోపల కుతకుత ఉడికిపోయేవాడు.

మామగారు భూగోళం మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు వీధి పిల్లలకు ఇంట్లోనే పాఠాలు చెబుతున్నాడు. భుజం పట్టేసి, గోడమీది దేశపటం దాకా చెయ్యి లేవడం లేదు. ఒక ఆదివారం అందరూ చేరినప్పుడు చిన్నల్లుడు ఆయన చేతిలో పెన్నులాంటిదొకటి పెట్టాడు. పాడైన డీవీడీ రైటరు విప్పి, అందులోని లేజరుతో తనే చేశాడట. మీట నొక్కగానే పటం మీద ఎర్ర చుక్క పడింది. మామగారు కుర్చీలోంచి కదలకుండా నది వెంట కొండ నుంచి సముద్రం దాకా వెళ్ళొచ్చాడు. ఆ సంబరం చూసి అత్తగారికి కళ్ళు చెమర్చాయి.

మామగారి ముక్కు మీదున్న జోడు పెద్దల్లుడు ఇచ్చిందే. ఆ సంగతి ఎవరికి గుర్తు?

"అది కంట్లో పడితే చూపు పోతుంది," అన్నాడు పెద్దల్లుడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"అయిదు మిల్లీవాట్లే అన్నయ్యగారూ. బజార్లో అమ్మేలాంటిదే."

"కొలిచావా?"

చిన్నల్లుడు జవాబిచ్చేలోపే మరదలు అందుకుంది. "బావకి కళ్ళు కుట్టాయి!"

అందరూ గొల్లుమన్నారు. భార్య కూడా నవ్వు దాచుకోవడానికి ముఖం తిప్పుకుంది.

పెద్దల్లుడికి కళ్ళు కుట్టిన మాట నిజమే. కానీ తను చెప్పిందీ అబద్ధం కాదు. డిస్కు మీద రాసే లేజరు బలమే వేరు. 'పోనీ, ఏదో ఒకటి జరిగితే తెలిసొస్తుంది' అనుకున్నాడు. అలా అనుకోవడంలో కాస్త హాయి కూడా ఉంది.

ఇంతలో మామగారి చెయ్యి జరిగి చుక్క పక్కనున్న అద్దాల బీరువా మీద పడింది. కాంతి అక్కడినుంచి మళ్ళి ఎదుటి గోడ మీద, నేలమీద కూర్చున్న పెద్దల్లుడి కూతురి తలకు జానెడు పైన మెరిసింది. పిల్ల దాన్ని పట్టుకోవడానికి చప్పట్లు కొడుతూ లేచింది.

"ఆపండి మావయ్యగారూ!" పెద్దల్లుడు ఒక్క గెంతులో వెళ్ళి పిల్ల ముఖాన్ని తన పొట్టకు అదుముకున్నాడు. ఇందాకటి హాయి తలుచుకుంటే ఒళ్ళంతా చెమట పట్టింది.

పిల్ల ఆడుకునే బెలూనుకు నల్ల మార్కరు పూసి, అద్దాలేవీ లేని గోడకున్న మేకుకి కట్టాడు. అందర్నీ వెనక్కి పంపి, అటు చూడొద్దన్నాడు. "అయిదే అయితే దీనికేం కాదు. పెన్ను దానికి దగ్గరగా పెట్టి, ముఖం తిప్పుకుని మీట నొక్కు తమ్ముడూ."

ఎవరూ చూడలేదు గానీ ఠాప్‌మన్న చప్పుడు అందరూ విన్నారు.

"చిన్న లేజరైతే కన్ను రెప్పేసి తప్పించుకుంటుంది. దాన్నైనా గుడ్లప్పగించి చూడకూడదు. దీనికైతే రెప్ప పడేలోపే కంటి లోపలి పొర కాలిపోతుంది. నొప్పి కూడా తెలీదు. ఆ తర్వాత నా షాపులో ఏ అద్దమూ పనికిరాదు," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు బ్యాటరీ ఊడదీసి, లేజరును పట్టకారుతో నలిపేశాడు. "తప్పు నాదే. కొలవకుండానే గొప్పకు పోయాను. అన్నయ్యగారు చెప్పగానే వినాల్సింది."

పెద్దల్లుడు ఎదురుచూసిన ఘడియ ఇదే. అత్తగారు రానే వచ్చి, చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేసింది. "నలుగురిలో తప్పు ఒప్పుకోవాలంటే ఎంత మంచి మనసుండాలి బాబూ!"

అవునవునన్నారంతా. పెద్దల్లుడికి మళ్ళీ కడుపు మండింది.

తర్వాతి వారం చిన్నల్లుడు కొత్త పెన్నుతో షాపుకొచ్చాడు. "ఇది ఒక్క మిల్లీవాటు దాటదు, మీటరు మీద కొలిపించాను. నొక్కినంతసేపే వెలుగుతుంది. మీరిచ్చారని చెప్పండి అన్నయ్యగారూ."

ఆ మంచితనం పెద్దల్లుడికి మరీ భరించరానిదైపోయింది.

"అక్కర్లేదు, నువ్వే ఇవ్వు," అని షట్టరు దించాడు. "పద, ముందు మావయ్యగారింట్లో ఆ అద్దాల బీరువాకు తెర కడదాం."