తేనెపెట్టెలో అక్కయ్య ఊపిరి

దత్తాత్రేయులు పొద్దున్నే లేచి, ముఖమైనా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళి తేనెపెట్టెకి చెవి ఆనించేవాడు. లోపల రొద నిండుగా ఉంటే అక్కయ్య బాగున్నట్టు. ఆ తరవాతే సంధ్యావందనం, పంచాంగం చంకన పెట్టుకుని ఊరిమీద పడడం.

ఆకివీడుకి ఇవతల, కొల్లేటి గట్టు పక్కనున్న ఆ అగ్రహారంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మూడేళ్ళ కిందట విషజ్వరంలో అక్కయ్య ఆండాళ్ళు ఊపిరి ఆగిపోయింది. ఆగినది ఆగినట్టే వెళ్ళి పెరట్లో తేనెటీగల దగ్గర చేరింది. అప్పట్నుంచీ అక్కడ అవి ఊపిరి తీస్తుంటే ఇక్కడ ఆవిడ పిండి విసురుకుంటోంది. ఏలూరు నుంచి వచ్చిన డాక్టరు గొట్టం ముందు ఆవిడకి పెట్టి, ఆనక పెట్టెకి పెట్టి, "ఎండ పడకుండా చూసుకోండి" అని చెప్పి రైలుకి వెళ్ళిపోయాడు.

తొమ్మిదో ఏట పసుపుకుంకాలు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి ఆండాళ్ళు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. ఊరందరి పెళ్ళిళ్ళూ చేసే దత్తాత్రేయులు తన పెళ్ళికి మాత్రం ముహూర్తం పెట్టుకోలేకపోయాడు. ఆ మాట అనేసి ముందుగా తనే నవ్వేవాడు.

ఈగల పెంపకం అతను ఎవరిదగ్గరా నేర్చుకోలేదు. ఏలూరు ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న పుస్తకం దొరికింది. ఆఖరి నాలుగు కాగితాలూ విభూతి పొట్లాలు కట్టడానికి తనే చింపేశాడు. 'శీతాకాలపు జాగ్రత్తలు' అనే అధ్యాయం ఉందని విషయసూచికలో చూసి తృప్తిపడ్డాడు.

భావ నామ సంవత్సరం కార్తీకం వచ్చింది. శివాలయంలో నెలంతా అభిషేకాలు. మొదటి సోమవారం కరణంగారు ఇతని తేనె రుచి చూసి, "తేనంటే ఇదండీ" అన్నారు. ఆ ఒక్క మాటకి దత్తాత్రేయులు ఉబ్బిపోయాడు. నాలుగో సోమవారానికి ఏడు చట్రాల్లోని తేనెపట్లూ పిండేశాడు.

"వాటికేం ఉంచావురా?" అని అడిగింది ఆండాళ్ళు.

"శివుడికి పోసింది ఎక్కడికి పోతుంది అక్కయ్యా?"

అది గుడి వెనక తూములోంచి పోయింది. చీమలు తిన్నాయి.

మార్గశిరంలో చేలు కోసేశారు. కొల్లేటి మీంచి లేచిన మంచు మధ్యాహ్నందాకా కదిలేది కాదు. పువ్వన్నది లేదు. పెట్టె గుమ్మంలో రోజుకో దోసెడు ఈగలు రాలుతుంటే అతను చేటలోకి ఎత్తి పోసేవాడు. ఇంట్లో ఆండాళ్ళు మాట మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి మాటకి ముందే ఆగింది. బెల్లం నీళ్ళు పెడితే, కొంకర్లు పోయిన ఈగలు అందులోనే పడి చచ్చాయి. మృత్యుంజయం జపించాడు. పనిచేసిందని ఊరందరిచేతా అనిపించుకున్న మంత్రమే అది.

పుష్యమాసం నాటికి రాణీ, దాని చుట్టూ గుప్పెడు ఈగలూ మిగిలాయి. ఆండాళ్ళు చాప మీంచి లేవడం లేదు. దత్తాత్రేయులు వాటికోసం ఇల్లంతా వెచ్చని చోటు వెతికాడు. తనకి తెలిసినంతలో ఎన్నడూ చల్లారనిది తన నోరొక్కటే. పెట్టె ముందు కూర్చుని నోరు తెరిచాడు. రాణి ముందు వచ్చింది. తక్కినవి వెనకే వచ్చి అంగిలి పట్టుకుని వేలాడాయి.

నలభై రోజులు పెదవి విప్పలేదు. తామరతూడుతో బెల్లం నీళ్ళు పీల్చి బతికాడు. మాఘంలో పెళ్ళిళ్ళకి పిలవడానికొచ్చినవాళ్ళు అతని బుగ్గకి చెవి ఆనించి విని, "ఈ ఏడాదికి కుదరదులెండి" అనుకుంటూ పక్క ఊరి పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోయారు.

మావిడి పూసిన రోజున ఆండాళ్ళు అంది. "అవి ఆకలిమీదున్నాయిరా. నోరు తెరు."

అతను తల అడ్డంగా ఊపాడు. పోయినవి తిరిగి రాకపోతే అక్కయ్య ఉండదు. మర్నాడూ ఊపాడు. మూడోనాడు నాలుక మీద ఒక ఈగ రాలింది. కాసేపటికి మరొకటి. మింగలేదు, ఉమ్మలేదు. పెరట్లోకి నడిచి నోరు తెరిచాడు.

ఈగలు పూత మీద ఒక్క చుట్టు తిరిగి, పెట్టె వైపైనా చూడకుండా కొల్లేటి మీదికి పోయాయి. అంత దూరం నుంచి రావలసిన ఊపిరి దారంలా సన్నబడింది. సాయంత్రానికి ఆండాళ్ళు పెదాలు నల్లబడ్డాయి.

మర్నాడు, కొల్లేట్లో చేపలు పట్టే పెద్దింటయ్య వచ్చి పెరటి దడి అవతల నిలబడ్డాడు.

"అయ్యగారండీ, మీ ఈగలు మా పాత తాటిదోనె కింద చేరాయండి, బోర్లించి ఉంచితేనూ. పెట్టె ఇత్తే ఎత్తి పట్టుకొచ్చేత్తానండి."

దత్తాత్రేయులు పెట్టె దగ్గరికి పరిగెత్తాడు.

"వద్దు," అంది ఆండాళ్ళు, గోడ పట్టుకుని లేస్తూ. "అందులో అవి ఆకలికి చచ్చాయి. నేనే అక్కడికి పోతాను."

"వాళ్ళ పేటలోకా? మరి నీ మడీ?"

నలభై రోజుల తరవాత అతని నోట వచ్చిన మొదటి మాట అదీ.

"ముప్పై అయిదేళ్ళు మడిలోనే ఉన్నాను కదరా. ఊపిరేదీ?"

ఒక చెంబూ, రెండో చీరా మూట కట్టుకుంది. తమ్ముణ్ణి రమ్మనలేదు. వీధిలో ఒక్కొక్క తలుపే మూసుకుంది. అవి మళ్ళీ ఆవిడకి తెరుచుకోవని మూసినవాళ్ళకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

పెద్దింటయ్య ముందు, ఆవిడ వెనక. దత్తాత్రేయులు గుమ్మంలోంచే చూశాడు. గట్టుదాకా వెళ్ళేలోగా ఆవిడ రెండుచోట్ల ఆగింది, ఊపిరి అందక. మూడోసారి ఆగలేదు.