మూడుసార్లు మరిగించిన నీళ్లు

కౌంటీ నీళ్ల శాఖ దొరలారా, పసిపిల్ల యారేలిని చంపింది మీరే. చల్లటి గదుల్లో మీటింగులు పెట్టి, "స్పానిష్ మాట్లాడే కూలీలందరికీ ఫోన్లోనే చెప్పేద్దాం" అనుకుని, కేకు కోసుకుని చంపారు. అందులో నేనూ ఒక చెయ్యి వేశాను. అదీ చెప్తాను, దాచను.

నా పేరు ఒబ్దూలియా. ద్రాక్ష పెట్టెలు కట్టే షెడ్డులో పని. రేకు బళ్లే ఇళ్లయిన మా ట్రైలర్ల కాలనీలో సగం మందికి చదవడం రాదు. అందుకే మా ఆడవాళ్ల గ్రూపులో రాతలుండవు, అన్నీ గొంతులే. మేస్త్రీ ఎవరి మీదైనా చెయ్యేసినా, కాగితాల్లేని మనుషుల్ని దేశం దాటించడానికి పట్టుకుపోయే మిగ్రా పోలీసుల బండి రోడ్డు మీద కనిపించినా నేను ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరుస్తాను. రెండొందల మంది వింటారు.

మంగళవారం మధ్యాహ్నం షెడ్డులో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఎవరిదో ఐదంకెల నంబరు. "నీటి నాణ్యతపై ముఖ్య సమాచారం. ఈ లింకు నొక్కి మీ పేరు, చిరునామా నమోదు చేసుకోండి."

పేరట, చిరునామాట! పోయిన వసంతంలో ఉచిత టీకాలంటూ ఇలాంటి లింకే వచ్చింది. నొక్కిన వారంలో రెండు గుమ్మాల ముందు మిగ్రా నిలబడింది. లింకు వల్లో కాదో ఎవరికీ తెలీదు. నేను ఆగి ఆలోచించలేదు.

"అమ్మలూ, ఆ లింకు ముట్టుకోకండి, చెరిపేయండి. నీళ్ల పేరుతో ఏమొచ్చినా నమ్మకండి. ఇప్పుడు గొంతుల్ని కూడా దొంగిలిస్తున్నారట. నా గొంతుతో వచ్చినా సరే, నమ్మొద్దు!"

గంటలో అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు. గర్వపడ్డాను. ఛీ.

గురువారం పంటినొప్పికని క్లినిక్కి వెళ్తే నర్సు సొకోర్రో అడిగింది. "మీ బావి సంగతి అందరికీ చెప్పావా?"

"ఏ సంగతి?"

"మెసేజ్ రాలేదూ? తోటల ఎరువు మీ బావిలోకి దిగింది. ఆ నీళ్లతో డబ్బా పాలపొడి కలిపి పడితే పసిపిల్లలకి ఊపిరందదు, నీలంగా అయిపోతారు. మరిగిస్తే ఇంకా ఘోరం. నీళ్లు ఆవిరైపోతాయి, విషం మిగులుతుంది."

"మెసేజ్‌లో ఆ ముక్కే లేదు!"

"ఉందమ్మా. లింకు నొక్కి, పేరు రాస్తే, నాలుగో పేజీలో."

క్లినిక్ మెట్ల మీదే ఫోను తీశాను. "అమ్మలూ, నేను తప్పు చెప్పాను! ఆ నీళ్లు పిల్లలకి పట్టొద్దు, మరిగించొద్దు!" అరిచాను, ఏడ్చాను.

మొదటి జవాబు ముసలి లిబ్రాడాది. "ఒరేయ్ దొంగ సచ్చినోడా, మా ఒబ్దూలియా ఏడవదురా! ఇంకాస్త బాగా నేర్చుకుని రా, పో." వెనక నవ్వులు. నేను పెట్టిన గ్రూపులోంచే నన్ను తీసేశారు.

బండి తోలుకొచ్చి తలుపులు కొట్టడం మొదలుపెట్టాను. ముఖం చూశాక నమ్మారు. పసివాళ్లున్న ఇళ్లు ముందని తోచలేదు, అరవై ఇళ్లూ వరసగా కొట్టాను. చివరి వరసలో చివరిది ఎపిఫానియాది. పందొమ్మిదేళ్ల పిల్ల. కాన్పయిన నాలుగో వారమే తోటకి పరుగెత్తింది, పాలు ఎండిపోయాయి. బిడ్డకి నలతగా ఉందని ఆరోజు ఇంట్లోనే ఉంది.

"రా అక్కా! ఇందాక నీ దొంగ గొంతు విన్నావా? నవ్వలేక చచ్చాం."

పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. "అది నా గొంతే. పొయ్యి ఆపు."

"పొయ్యి ఆపడమెందుకూ? పిల్లకి వాంతులక్కా. నీళ్లు బాలేవేమోనని నాకే అనుమానమొచ్చింది. అందుకే మూడుసార్లు మరిగించి పడుతున్నా. ఒక్కసారి కాదు, మూడుసార్లు!"

మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూసింది.

ఊయల్లో యారేలి. పెదవులు మేం పెట్టెల్లో సర్దే నల్లద్రాక్ష రంగులో ఉన్నాయి.

ఆసుపత్రి నలభై మైళ్లు. ఇరవయ్యో మైలు దగ్గర ఎపిఫానియా బిడ్డని ఊపడం ఆపేసింది. నేను బండి ఆపలేదు.

పూడ్చిన మర్నాడు మీ మనిషి డెల్గదీయో వచ్చాడు. మావాడే, ద్రాక్ష కోసినామె కొడుకే. "పిన్నీ, మా మెసేజ్ తొంభై ఎనిమిది శాతం మందికి చేరింది," అని పలక లాంటి ఫోను చూపించాడు.

"చేరింది నాయనా. ఎపిఫానియాకీ చేరింది. నేనే చెరిపించాను. నువ్వు తలుపు కొట్టి చెప్పి ఉంటే ఆ మాటని ఎలా చెరిపించేదాన్ని?"

ఆ ఫోను సంచిలో పెట్టుకున్నాడు. వెళ్లిపోయాడు. ఎపిఫానియా నాతో మాట్లాడటం మానేసింది.

ఇవాళ మళ్లీ ఫోన్లు మోగాయి. అదే నంబరు. "మా సేవ ఎలా ఉంది? నక్షత్రాలివ్వండి."

ఈ కాలనీలో ఇంకా నలుగురు పసివాళ్లున్నారు. సోమవారం పొద్దుటికి మా వీధిలో మంచినీళ్ల లారీ నిలబడాలి. మెసేజ్ రాసినవాడు తన ముఖం మోసుకొచ్చి ప్రతి తలుపూ కొట్టాలి. పేరు అడగకూడదు. నోరు తెరవగానే మొదటి మాట "మరిగించొద్దు" అనాలి. లేవండి, కదలండి.