క్రిములకు ఆకలేసిన రోజు

తొట్టి అడుగునుంచి పెద్దక్క మరిది దగ్గు వినిపించింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"పెద్ద మూత తీయండ్రా!" అని పెద్దక్క అరిచింది. చెత్త వేరుచేసే ఆడవాళ్లందరికీ ఆమె పెద్దక్కే. కూరగాయల తొక్కలూ ఎంగిలి మెతుకులూ కుళ్లబెట్టి, క్రిములకు మేపి, వాటి ఒంట్లోంచి నూనె తీసే ఫ్యాక్టరీ అది. గొట్టానికి అడ్డంపడ్డ ముద్ద తీయమని ఆమె మరిదిని మాస్కయినా ఇవ్వకుండా ఇరుకు కంతలోంచి దించారు.

మేనేజరు మూతకు అడ్డం నిలబడ్డాడు. "బయటి గాలి తగిలితే సరుకు పాడైపోద్ది! క్రిములు చస్తాయి!"

"మనిషి చస్తున్నాడయ్యా!"

అతన్ని తోసేసి మూత తీసేసరికి మరిది ప్రాణం పోయింది.

యజమాని వచ్చాడు. నూనెదొర అంటారు అతన్ని. సెంటు రుమాలు ముక్కుకు అడ్డుపెట్టుకుని, "తాగి దిగుంటాడు" అన్నాడు. క్రిముల గదిలో వేడి కాస్త తగ్గితే గుండెలు బాదుకునే పెద్దమనిషికి, శవం మీద దుప్పటి కప్పమనడానికి నోరు రాలేదు.

మర్నాడు అందరూ షెడ్డులో గుమిగూడారు.

"దొరతో పెట్టుకుంటే బతుకుతామా?" అని లారీ డ్రైవరు గొణిగాడు.

"పెట్టుకోకపోతే బతికామా?" అంది పెద్దక్క. "చంపినోళ్ల మీద కేసు పెట్టాలి. తొట్టిలోకి ఇక మనిషి దిగకూడదు. అందాకా ఒక్క తొక్క లోపలికి పోదు."

డ్రైవరు తలొంచుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు గేటుకడ్డంగా కూర్చున్నారు.

మేత ఆగేసరికి నూనెదొర పరుగెత్తుకొచ్చాడు. "ఆకలితో క్రిములు చచ్చిపోతున్నాయి! మీకు జాలి లేదా?"

జనం గొల్లుమన్నారు. "పాపం, బిడ్డలకు ఆకలేస్తోందంట! నువ్వే దిగి పాలివ్వు దొరా!" అంది ఊడ్చే ముసలామె.

పెద్దక్క నవ్వలేదు. "మావాడు ఊపిరాడక కొట్టుకుంటుంటే నీ జాలి ఎక్కడ గడ్డి పీకింది?"

దొర ఫోను తీశాడు. మనిషి చచ్చినప్పుడు తొంగైనా చూడని పోలీసులు, క్రిములకు ఆకలేసిందనగానే రెక్కలు కట్టుకుని వాలారు. పెద్దక్కను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు.

వ్యాను కదలబోతుంటే ఎదురుగా చెత్త లారీ వచ్చింది. దొర మొహం వెలిగిపోయింది. "రా, రా, లోపలికి పోనీ!"

డ్రైవరు లోపలికి పోనివ్వలేదు. లారీ వెనక్కి తిప్పి, బండెడు కుళ్లు వ్యాను ముందు గుమ్మరించాడు. దొర బూట్లు చీలమండలదాకా మునిగాయి. డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు.

"నన్నూ ఎక్కించుకోండి."

"నన్నూ" అంది ముసలామె.

నన్నూ, నన్నూ అంటూ జనమంతా లేచి వ్యాను చుట్టూ మూగారు. అంతమందికి ఆ వ్యానులో చోటు లేదు.